ప్రార్థన చేయించిన టైర్లు

దమ్మపేటలో ఆంథోని జీపు గురించి ఎవరినడిగినా ముందు ఒక అబద్ధం చెప్పి, ఆ తర్వాతే నిజంలోకి దిగుతారు. ఒక వానకాలం వాగులో కూరుకుపోయిన లారీని లాగితే, లారీతో పాటు వాగు కూడా పది గజాలు పక్కకు జరిగిందట. అవతలి పొలాలు ఇవతలికి వచ్చేసరికి, కొలవడానికి వచ్చిన సర్వేయరు గొలుసు అక్కడే పారేసి వెళ్లిపోయాడట. ఇక నిజమేమిటంటే, అది నాలుగు చక్రాలూ కలిసి తిరిగే పాత జీపు. ఆంథోని తొమ్మిదో తరగతిలో బడి మానేసినవాడు. బురదలో దిగిన బండిని లాగడంలో ఆ చుట్టుపక్కల అతనికి సాటి ఎవరూ లేరు. ఈ చివరి మాట అందరికంటే ఎక్కువగా ఆంథోనే చెప్పేవాడు.

లాగే పనికి ఇద్దరు కావాలి. స్టీరింగు దగ్గర ఆంథోని, తాడు దగ్గర అతని భార్య తమ్ముడు శాంతికుమార్. తాడు కట్టి, బిగువు చూసి, శాంతికుమార్ ఈల వేస్తాడు. ఒక ఈలకు కదలాలి, రెండు ఈలలకు ఆగాలి. ఆంథోని వెనక్కి తిరిగి చూసేవాడు కాదు.

"ఎనకకు జూసుడేంది? నా ఎనక కండ్లు మా బామ్మర్ది మొకానికున్నయి," అనేవాడు.

దాయాది చావు కోరితే బావమరిది బతుకు కోరతాడని పెద్దలన్నారు. ఆ పెద్దల్లో ఒక్కడికి కూడా జీపు ఉన్నట్టు లేదు.

రెండు వేల ఆరు ఎండాకాలానికి వాగు మీద బ్రిడ్జి పూర్తయింది. ఊరంతా సంబరపడింది. ఆ పిల్లర్లు దిగింది మాత్రం ఆంథోని పొట్ట మీద. ఇక వాగులో ఎవరు ఇరుక్కుంటారు? మిగిలింది వెంకటనారాయణ గారి పామాయిల్ తోట ఒక్కటే. ఆయన కుటుంబం కోస్తా నుంచి వచ్చి ఇక్కడ భూములు కొని తోటలు వేసింది. వాన పడితే తోట డొంకలు జిగట బురద. కోసిన గెలలు నిలవ ఉంటే పాడవుతాయి, ట్రాక్టర్లేమో దిగబడతాయి.

"చూడు ఆంథోని, మాటలు నాకొద్దు," అన్నాడాయన. "తొలివానకి పల్లపు తోటలోంచి గెలల ట్రాలీని ఎవరి బండి బయటికి లాగితే, ఈ వానకాలమంతా వాళ్లకే పని."

"ట్రాలీ ఏంది సార్, తోట మొత్తం లాక్కరావాల్నా?" అన్నాడు ఆంథోని.

అని, మర్నాడే బామ్మర్దిని వెంటేసుకుని టైర్ల కోసం ఖమ్మం వెళ్లాడు. షాపాయన వెడల్పాటి టైర్లు చూపించాడు. నున్నగా, మెరుస్తూ, పక్కన తెల్లటి అక్షరాలతో పెళ్లికొడుకుల్లా ఉన్నాయి.

"ఇవి తారు రోడ్డు మీద షికారుకు. నాకు పని చేసేటివి గావాలె," అన్నాడు ఆంథోని.

ఎద్దును కొనేవాడు డెక్కలు చూసినట్టు ఒక్కొక్క టైరు తిప్పి చూశాడు. టైరు మీద బుడిపెల్లా లేచిన బటన్ల మధ్య వేలు దూర్చాడు. సందు లోతుగా, వెడల్పుగా ఉంటేనే ఎక్కిన మట్టి విసిరేస్తుంది. లేకపోతే మట్టి అందులోనే నిండి, టైరు గుండు గీసిన తలలాగా జారుతుంది. పక్కగోడను మోకాలితో నొక్కాడు. అది గట్టిగా లేకపోతే అడవి దారిలో మొద్దులు చీరేస్తాయి, బరువు లాగినప్పుడు టైరు కూలబడుతుంది. చివరికి పక్కగోడ మీద అచ్చు వేసిన తయారీ ఏడాది కూడా చూశాడు.

"ఎందుకు బావా?"

"నిలవ రబ్బరు నిలవ రొట్టె లెక్కరా. పైకి బాగనే ఉంటది, లాగితె పగులుతది."

సన్నగా, మొరటుగా ఉన్న నాలుగింటిని ఎంచి, పక్కన పెట్టించాడు. శాంతికుమార్ ఒక్క మాట కూడా వదలకుండా విన్నాడు.

తెచ్చుకునే రోజుకు ఆంథోనికి చలిజ్వరం పట్టింది. మంచం అడుగున ఇంకో జీపు ఇంజను నడుస్తోందని వచ్చినవాళ్లు అనుకునేంత వణుకు. "నువ్ పండుకో బావా, నేన్ బోయి బిగించుకొస్త," అని జీపు తీసుకుని వెళ్లాడు శాంతికుమార్.

తిరిగొచ్చేసరికి జీపుకు బంతిపూల దండ ఉంది. ఆంథోని దుప్పటి కప్పుకుని వాకిట్లోకి వచ్చాడు. దండ కింద తెల్లటి అక్షరాలు కనిపించాయి.

"ఇవేందిరా? నేనెంచినవేవి?"

"అవి వేరేటోళ్లు తీస్కపోయిండ్రట బావా. ఇవే గట్టియని షాపాయన ఒట్టేసిండు. నీకు పానం బాగలేదని దార్ల గుడి కాడ ఆపి ఫాదరుతోని ప్రార్థన గూడ చేపిచ్చిన."

ఆ మాటతో ఆంథోని చేతులు కట్టేసినట్టయింది. అతనికి ఒక నియమం ఉంది. ప్రార్థన చేయించిన టైరును క్రిస్మస్ దాకా విప్పడు. అలా విప్పిన డ్రైవరొకడి టైరు సత్తుపల్లి నుంచి రాత్రికి రాత్రి తనంతట తానే దొర్లుకుంటూ ఇంటికొచ్చి తలుపు తట్టిందని, ఈ కథ ఊరందరికీ చెప్పింది ఆంథోనే. అందుకే ఎప్పుడూ ముందు టైర్లు తడిమి చూసుకుని, ఆ తర్వాతే గుడికి వెళ్లేవాడు. ఈసారి వరుస తిరగబడింది. జ్వరంలో అతనికది ప్రేమగానే కనిపించి, కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి.

మృగశిర కార్తెలో వాన దంచింది. మర్నాడు వెంకటనారాయణ గారు గొడుగు పట్టుకుని పల్లపు తోట గట్టు మీద నిలబడ్డాడు. శాంతికుమార్ మాత్రం కనిపించలేదు. ఆంథోని తానే తాడు కట్టుకుని, గేరు వేసి లాగాడు. ట్రాలీ కదలలేదు. మట్టి నిండిన టైర్లు ఉన్నచోటే తిరిగి తిరిగి, జీపు నడుం దాకా దిగబడింది.

అప్పుడు డొంక చివర ఇంకో జీపు చప్పుడైంది. ఆంథోని ముందు టైర్లనే చూశాడు. సన్నగా, మొరటుగా, మట్టిని రెండు పక్కలా విసిరేస్తూ వస్తున్నాయి. మోకాలితో నొక్కి చూసినవాడికి గుర్తుపట్టడం ఎంతసేపు? ఆ తర్వాతే స్టీరింగు దగ్గర బామ్మర్ది కనిపించాడు.

శాంతికుమార్ దిగి, తాడు పట్టుకుని దగ్గరికి వచ్చాడు. "ఏన్కూరుల కొన్న బావా. పాతదే."

"టైర్లు?"

అతను తల దించుకున్నాడు. "ఎన్నేండ్లని నీ ఎనక నిలబడి ఈల ఎయ్యాలె?"

"అడిగితె స్టీరింగియ్యనా? ఫాదరును గూడ పనికి వెట్టినవ్ గదరా!"

శాంతికుమార్ తాడు చివరి కొక్కెం ముందుకు చాపాడు. ఇరుక్కున్నవాడు పగవాడైనా తాడు ఇవ్వాలి, ఇచ్చిన తాడును కాదనకూడదు. ఆ పద్ధతి పెట్టింది కూడా ఆంథోనే. కొక్కెం అందుకుని తన జీపుకు తానే తగిలించుకున్నాడు. తాడు మీద ముడి, తాను నేర్పిన ముడే. ఒక్క గుంజుకు జీపు బయటపడింది. ఆ వెనకే ట్రాలీ కూడా.

"ఏమయ్యా ఆంథోని, నీ బామ్మర్ది నిన్ను మించిపోయాడే!" అన్నాడు వెంకటనారాయణ గారు.

"టైర్లు మంచియి సార్," అన్నాడు ఆంథోని. "ఎంచినోడు పనిమంతుడు."

ఇంటికొచ్చి భార్య విశ్రాంతమ్మను అడిగాడు. "నీకు ఎరుకేనా?"

"జీపు కొన్నడని ఎరుకే. చెప్పొద్దన్నడు," అందామె కొంగు నలుపుకుంటూ. "టైర్ల సంగతి దేవుని తోడు, తెల్వది. ఇగ ఇప్పి పారెయ్యరాదూ వాటిని?"

"మోసం జేసింది నీ తమ్ముడు. ప్రార్థన జేసింది ఫాదరు. క్రిస్మస్ దాక ఉంటయి."

ఆ వానకాలమంతా తెల్ల అక్షరాల జీపు తారు రోడ్డు మీద పెళ్లి కిరాయిలకు తిరిగింది. పల్లపు తోట పక్కన పోయేటప్పుడు ఆంథోని వేగం తగ్గించి చెవి పెట్టేవాడు. లోపల ఇంజను మోత తప్ప ఈల వినిపించేది కాదు. శాంతికుమార్ తాడు దగ్గర ఎవరినీ నిలబెట్టుకోలేదట. తానే కట్టుకుని, తానే ఎక్కి, అడుగడుక్కీ మెడ తిప్పి వెనక్కి చూసుకుంటూ లాగుతున్నాడట.