పూలు కట్టేవేళ చదివిన వార్త

మా తమ్ముడు పోయాడని ఫోన్ వచ్చేటప్పటికి, ఆ పొద్దున నేను కట్టిన చామంతి మాల ఇంకా వాడలేదు.

ఆ పొద్దున అన్ని పొద్దుల్లాంటిదే. నరసరావుపేటలో మా ఇంటికీ తమ్ముడి ఇంటికీ మధ్య గోడ ఒకటే. దీపం పెట్టి దేవుడి ముందు కూర్చుని పూలు కడుతున్నాను. పూజ అయ్యేదాకా నేను మాట్లాడను. వాడు టీ గ్లాసు, ఫోను పట్టుకుని వచ్చి గడప ఇవతల చతికిలబడి, రాసిన వార్త పైకి చదవడం మొదలుపెట్టాడు.

వాడు నడిపిన ఈ వార్తల వెబ్‌సైట్‌లో వాడి పేరుతో మీరు చదివినవన్నీ అట్లా మా గడప దగ్గర నుంచి వచ్చినవే. జీవో అయినా, అసెంబ్లీలో మంత్రి ఇచ్చిన జవాబయినా ముందు నాకు చదివేవాడు. నాకు రాజకీయాలు తెలియవు. అర్థంకాని వాక్యం వస్తే పూలు కట్టే చేతులు ఆగేవి. వాడు నా మొహం చూసేవాడు కాదు, చేతులే చూసేవాడు. ఆగినచోట మళ్లీ రాసుకునేవాడు. "మంత్రిగారికి అర్థం కాకపోయినా ఫరవాలేదక్కా, చెప్పేవాళ్లుంటారు. నీకు అర్థమవ్వాలి" అనేవాడు.

పత్రికలో ఉద్యోగం మానేసి ఇది పెట్టినప్పుడు, పార్టీల ప్రకటనలు తీసుకోనని, చదివేవాళ్లు ఇచ్చే చందాలతోనే నడుపుతానని చెప్పాడు. మావారిది పత్తి వ్యాపారం. లాభం వద్దనుకునే కొట్టు ఎక్కడన్నా ఉందా అని ఎగతాళి చేశారు. "కొట్టు కాదు బావా, చలివేంద్రం" అన్నాడు వాడు. ఏటా మొదటి చందా మావారిదే.

వాడికి ఒక పట్టింపు ఉండేది. వార్త ఎవరి మీద రాస్తే వాళ్ల ఎదుట కూర్చుని మొత్తం చదివి, వాళ్ల జవాబు కూడా వేసేవాడు. దూరం వాళ్లకు ఫోన్. మన పల్నాడు మనిషైతే మాత్రం బస్సెక్కాల్సిందే. ఒకసారి మాచర్లలో ఒక నాయకుడు అంతా విని, నానా తిట్లూ తిట్టి, అన్నం పెట్టి పంపించాడు. మావాడు తిట్లు వదిలేసి జవాబు వేశాడు. అన్నం సంగతి కూడా వెయ్యనా అక్కా అని నన్నడిగి నవ్వాడు.

ఆ పొద్దున చదివింది మా మేనమామ గురించి. గురజాల వైపు ఒక ఎత్తిపోతల పథకానికి మోటార్లు బిగించామని అసెంబ్లీలో మంత్రి చెప్పారు. వాడు వెళ్లి చూస్తే షెడ్డు ఉంది, మోటార్లు లేవు. కాంట్రాక్టు మామయ్యది. అమ్మానాన్న పోయాక మాకు మిగిలిన పెద్దదిక్కు ఆయన.

నా చేతులు ఆగాయి. అర్థమై ఆగాయి. వాడు ఆ వాక్యం మార్చలేదు.

"మనోళ్లను వదిలేస్తే ఊళ్లోవాళ్ల గురించి రాసే హక్కు ఉండదక్కా."

పూజ అయ్యాక తిని వెళ్లరా అన్నాను. తిన్నాడు. మామయ్యకు చదివి వినిపించాలని గురజాల బస్సెక్కాడు. ఆ బస్సులోనే గుండె ఆగింది.

పెద్దకర్మనాడు చుట్టాలు వెళ్లాక మామయ్య మాట కదిపాడు. ఆ వార్త సంగతి అప్పటికే ఆయన చెవిన పడింది. వాడితోపాటే ఆ వార్తా పోయిందనుకోమన్నాడు. పోయినవాడి పేరుమీద ఇంట్లో గొడవలు వద్దన్నాడు. వెబ్‌సైట్ తమ పార్టీవాళ్లకిస్తే బాగా చూసుకుంటారని కూడా అన్నాడు. ఆయన వాణ్ణి భుజాన ఎక్కించుకుని తిప్పిన మనిషి. పాడె కూడా మోశాడు.

అప్పటిదాకా గోడకానుకుని కూర్చున్న మా మరదలు, వాడి భార్య, తలెత్తింది.

"మీకు చదవటానికే ఆయన ఆ బస్సెక్కారండీ. ముందు వినండి."

వాడితో మొదటినుంచీ పనిచేసిన రిపోర్టరు అమ్మాయి అక్కడే ఉంది. ఆమే చదివింది. నేను వాడి ఫోటోకని మాల కడుతున్నాను. మామయ్య పేరు వచ్చినచోట నా చేతులు మళ్లీ ఆగాయి. ఆ అమ్మాయీ ఆగి నా వైపు చూసింది. చదవమన్నట్టు తలూపాను.

మామయ్య తలొంచుకుని విన్నాడు.

"మోటార్లు రాలా. నిజమే" అన్నాడు చివరికి. "కానీ బిల్లు నేనొక్కణ్ణే పాసు చేసుకున్నానా? సంతకాలు పెట్టినోళ్లు లేరా? ఆ ముక్క కూడా ఎయ్యండి. నా మాట కత్తిరించబాకండి."

ఆ సాయంత్రం ఇంటిల్లిపాదీ అనుకున్నది ఇది. వార్త తమ్ముడి పేరుతోనే వస్తుంది, మామయ్య జవాబుతో సహా. వెబ్‌సైట్ ఏ పార్టీ చేతికీ వెళ్లదు. ఆ అమ్మాయి నడుపుతుంది, మరదలు తోడుంటుంది. ఏ వార్తయినా పొద్దున్నే మా గడప దగ్గర చదివాకే మీ దగ్గరికి వస్తుంది.

మామయ్య ఇంకా అక్కడే కూర్చున్నాడు. ఆయన జవాబు కూడా చేర్చి ఆ అమ్మాయి మళ్లీ మొదటినుంచి చదివింది. ఈసారి నా చేతులు ఎక్కడా ఆగలేదు. చూసుకునేసరికి మాల వాడి ఫోటోకి కావలసినదానికంటే బాగా పొడుగైంది.