పాము చేపకు పాలు పోసిన రోజు

ఆ రోజుల్లో ఎవరైనా నన్ను చేపలు పట్టడమంటే ఏమిటని అడిగి ఉంటే, ఒక మనిషి ఎర లేని గాలం నీళ్లలో వేసి కూర్చోవడం, ఇంకో మనిషి ఆ మనిషిని చూస్తూ కూర్చోవడం అని చెప్పేదాన్ని. మొదటి మనిషి మా నాన్న, రెండో మనిషిని నేను. ఈ వ్యవహారంలో చేప ఎక్కడా లేదు. అయితే ఎవరూ అడగలేదు, అడిగినా నలుగురిలో నోరు విప్పే పిల్లను కాదు. డైరీలో మాత్రం రోజూ 'ఈ రోజు కూడా పడలేదు' అని రాసుకునేదాన్ని. డిగ్రీ పరీక్షలు రాసి ఫలితాల కోసం ఎదురుచూస్తున్న వేసవి అది. స్టీలు ప్లాంటు కడుతున్న కాలం. గాజువాకలో మేం అద్దెకున్న వాటా అరుగు మీద, పొద్దున తుడిస్తే మధ్యాహ్నానికి వేలితో పేరు రాసుకునేంత లారీల దుమ్ము పేరుకునేది.

నాన్న హార్బర్లో సిగ్నల్‌మాన్. ఓడలోంచి సరుకు దించేటప్పుడు పైన క్రేను నడిపేవాడికి కింద ఏముందో కనబడదు, ఆ గోలలో మాట వినబడదు. కింద నిలబడి చేతి సైగలతో చెప్పే మనిషి కావాలి. బొటనవేలు పైకెత్తి తిప్పితే 'హబేస్', అంటే ఎత్తమని. అరచెయ్యి బోర్లించి మెల్లగా కిందికి ఊపితే 'ఆర్యా', అంటే దించమని. పిడికిలి బిగిస్తే ఉన్నచోటే ఆగమని. అక్షరాల కంటే ముందే నాకు ఇవి వచ్చు. చిన్నప్పుడు ఆయన డ్యూటీ దిగి రాగానే నేను క్రేనునైపోయేదాన్ని. అమ్మ ఇచ్చిన మంచినీళ్ల చెంబును నేను రెండు చేతులూ చాపి పట్టుకుంటే నాన్న గుమ్మంలో నిలబడి సైగలు చేసేవాడు. ఆటకు ఒకటే నియమం, సైగ లేకుండా క్రేను కదలకూడదు. (ఒకసారి నాన్న పిడికిలి బిగించి, పక్కింటాయనతో మాటల్లో పడి నన్ను మరిచిపోయాడు. చెంబు పట్టుకుని నిలబడి ఏడ్చాను గాని దించలేదు. ఈ సుగుణానికి మా అమ్మ పెట్టిన పేరు మొండితనం.)

ఆ ఏడు ఎండలు ముదరకముందే ఒక రోజు నాన్న 'ఆర్యా' అని సైగ చేస్తూ ఉండగా తాడు తెగి, గాలిలో ఉన్న ఇనుప కడ్డీల కట్ట కింద పడింది. ఆ కింద ఉన్నది మావయ్య. మాకు చుట్టరికం లేదు. నాన్నతో ఏళ్ల తరబడి ఒకే గ్యాంగులో పని చేసి, ఒకరినొకరు 'బావా' అని పిలుచుకుని, ఆ లెక్కన నాకు మావయ్య అయినవాడు. ఆదివారాలు మా ఇంటికొచ్చి నా పుస్తకాలు తిరగేసి "ఇందల బొమ్మలు నేవేటే గుంటా, ఎలాగ సదువుతన్నావు" అని జాలిపడేవాడు. విచారణ చేసి, తప్పు తాడుదే గాని మనుషులెవరిదీ కాదని తేల్చారు. నాన్న తల ఊపాడు. అంతకుముందే మావయ్య చావుకు వెళ్దామని బయల్దేరి, వీధి చివరిదాకా వెళ్లి, తిరిగొచ్చి మంచం మీద కూర్చున్నాడు. ఏడవలేదు. గ్యాంగు మేస్త్రీ వచ్చి "ఉన్న సెలవులన్నీ వాడీసుకో అన్నా, మనసు కుదురుకున్నాక వొద్దువు" అని చెప్పి, టీ కూడా తాగకుండా వెళ్లిపోయాడు.

సెలవు పెట్టినా నాన్న రోజూ డ్యూటీ టైముకే టిఫిన్ క్యారేజీ పట్టుకుని బయల్దేరేవాడు. హార్బరు గేటుదాకా వెళ్లి, లోపలికి అడుగు పెట్టలేక, అవతల సముద్రంలోకి కట్టిన రాళ్ల గట్టు మీద కూర్చునేవాడట. కొన్నాళ్లకు ఒక వెదురు గాలం కొనుక్కొచ్చాడు. పద్మనాభంలో వరి చేల మధ్య పుట్టి, ఇన్నేళ్లు సముద్రం పక్కనే బతుకుతూ అందులో కాలు తడపని మనిషి. ఆ గాలం ఎందుకో నాకు తర్వాత అర్థమైంది. ఊరికే నీళ్లకేసి చూస్తూ కూర్చున్నవాణ్ని దారినపోయే ప్రతివాడూ ఏమైందని అడుగుతాడు. చేతిలో గాలం ఉన్నవాణ్ని ఎవరూ ఏమీ అడగరు.

అమ్మకు మాత్రం గాలం చూడగానే గుండె జారింది. నన్ను వంటింట్లోకి పిలిచి, "రేపట్నుంచి నాన్నతో నువ్వూ ఎల్లు. ఇక్కడ సదివేదేదో ఆ రాళ్ల మీద కూకుని సదువు. నాన్న లెగిస్తే నువ్వూ లెగు" అంది.

"ఎందుకు?"

"లెగమన్నాను, లెగు."

ఆ తర్వాత ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. గాలం వెనకాలే ఆయన కూడా ఏదో ఒక రోజు నీళ్లలోకి వెళ్లిపోతాడని ఆవిడ భయం. ఆ మాట మా ఇంట్లో ఎవరూ పైకి అనలేదు గాని, ఆ వేసవంతా మేం ముగ్గురం ఆ మాట చుట్టూనే తిరిగాం. (నాకు ఈత రాదు. నాన్నకు పద్మనాభం బావుల్లో నేర్చుకున్న ఈత బ్రహ్మాండంగా వచ్చు. మునిగితే ఎవరు ఎవరిని కాపాడాలన్నది అమ్మా ఆలోచించలేదు, నేనూ ఆలోచించలేదు.)

అసలు గట్టుదాకా చేరడమే ఒక యుద్ధం. ప్రమాదం జరిగిన రోజు నుంచి నాన్న కుడి చెయ్యి గాలిలోకి లేవడం మానేసింది. అన్నం తినేది, చొక్కా గుండీలు పెట్టుకునేది, అంతే. మిగతా సమయమంతా జేబులో ఉండేది. బస్సు ఆపడానికి కూడా ఎత్తేవాడు కాదు. ఇక ఎత్తాల్సింది నేను. నడివీధిలో అందరూ చూస్తుండగా చెయ్యి పైకెత్తడమంటే నాకు చచ్చేంత సిగ్గు. నడుం దగ్గర వేళ్లు కాస్త ఆడించేదాన్ని, అది డ్రైవరుకు కనబడేది కాదు. గాజువాక స్టాపులో తండ్రీ కూతుళ్లం చెట్టంత గాలంతో నిలబడి, ఖాళీ బస్సులు మా ముందునుంచే పోతుంటే మర్యాదగా చూస్తూ ఉండేవాళ్లం. ఎవరో పుణ్యాత్ములు వచ్చి చెయ్యి ఎత్తితే వాళ్ల వెనకాల ఎక్కేవాళ్లం.

గట్టు మీద పుస్తకం తెరిచి, దాని పైనుంచి నాన్నను చూస్తూ ఉండేదాన్ని. ఆయన లేస్తే లేచేదాన్ని.

"ఎక్కడికే?"

"ఎక్కడికీ లేదు."

"మరెందుకు లెగిసినావు?"

"ఊరికే."

"నాను ఒంటేలుకి ఎల్తన్నాను. కూకో."

కూర్చునేదాన్ని. ఆయన తిరిగొచ్చేదాకా పుస్తకంలో ఉన్న ఒకే వాక్యాన్ని మళ్లీ మళ్లీ చదివేదాన్ని. నేనెందుకు వస్తున్నానో ఆయనకు తెలుసని నాకు తెలుసు. పాపం, ఆ పనికి కూడా రాళ్ల వెనక్కి కాకుండా నాకు కనబడేలా గట్టు మీదుగా చాలా దూరం నడిచి వెళ్లేవాడు.

మా పక్క రాయి మీద ఒక ముసలాయన రోజూ గొడుగు వేసుకుని, సముద్రమంతా తన పేర ఉన్నట్టు కూర్చునేవాడు. గాలాల వాళ్లందరూ ఆయన్ని గవర్నరుగారని పిలిచేవాళ్లు. ఒక రోజు ఆయన నాన్న గాలం పైకి లాగి చూసి, కొక్కేన్ని ఎండలో అటూ ఇటూ తిప్పాడు.

"ఏటి బాబూ, ఎర గుచ్చనేదు?"

"లేదు."

"మరి సేపలెలాగ పడతాయి?"

"పడకపోతే పడకపోనీ."

గవర్నరు "సరేలే, సేపలకైనా సుఖం" అని గాలాన్ని మళ్లీ నీళ్లలో వేసేశాడు.

అప్పటికే పద్మనాభం నుంచి నాయనమ్మ దిగింది. కొడుకు పలకడం లేదు, నవ్వడం లేదు. అయితే ఇది నాగదోషమే. ఆవిడ లెక్కలో మనిషికి ఇంకో జబ్బు ఉండేది కాదు.

సెలవులు అయిపోవచ్చాయి. డ్యూటీకి రమ్మని మేస్త్రీ కబురు పంపినా నాన్న గాలం పట్టుకుని గట్టుకే వచ్చాడు. ఒక మబ్బు రోజు మధ్యాహ్నం ఆయన టీకని గట్టు చివరి పాకదాకా వెళ్తూ గాలం నా చేతికిచ్చాడు. గవర్నరు ఒక రొయ్య నా ఒళ్లోకి విసిరి, "ఒకసారి గుచ్చి సూడమ్మా, ఆ కొక్కేనికీ ఆశుంటాది" అన్నాడు. జాలేసి గుచ్చాను. వేసిన కాసేపటికే వెదురు విల్లులా వంగిపోయి, నేను రాయి అంచుకు జారాను. అరవాలి. గొంతు రాలేదు. (చిన్నప్పటి నుంచి అరవని గొంతు ఒక్కసారిగా ఎక్కడి నుంచి వస్తుంది?) తల తిప్పి చూశాను. దూరంగా నాన్న, చేతిలో రెండు గ్లాసులు. ఏదో అంటున్నాడు, అలల హోరులో ఒక్క ముక్క వినబడలేదు. ఆయన గ్లాసులు వదిలేశాడు. కుడి చెయ్యి పైకి లేచింది. పిడికిలి. ఆగు. రెండు రాళ్ల మధ్య కాళ్లు తన్నిపెట్టి ఆగాను. తర్వాత బొటనవేలు తిరిగింది. హబేస్. ఎత్తాను.

నీళ్లలోంచి పాము వచ్చింది. నా చెయ్యంత లావు, ఒంటినిండా మచ్చలు, నోరు తెరుచుకుని ఉంది. అది గాలానికి వేలాడుతూ నా మొహం ముందు మెలికలు తిరుగుతోంది. "పాం సేపమ్మా, కరుస్తాది, బేగి దించీ" అని గవర్నరు అంటున్నాడు. నేను దించలేదు. నాన్న చెయ్యి గాలిలో ఆగిపోయి ఉంది. ఇప్పుడు చెయ్యాల్సిన సైగ ఏమిటో ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. మావయ్య మీద కడ్డీలు పడ్డ రోజు ఆయన చేసిన చివరి సైగ అదే. ఆ జీవి తోక నా జడకు తగులుతోంది. "గుంటకి సెవుడేటి" అని గవర్నరు విసుక్కున్నాడు. సైగ లేకుండా క్రేను కదలకూడదు. ఎంతసేపు నిలబడ్డానో నాకు తెలియదు. చివరికి ఆ అరచెయ్యి బోర్లింది, మెల్లగా, చాలా మెల్లగా కిందికి ఊగింది. దించాను. గవర్నరు రాయితో పని ముగించాడు. నాన్న వచ్చి నా పక్కన కూర్చుని, తన అరచేతిని ఎవరిదో అన్నట్టు చూసుకున్నాడు.

"పులుసెట్టుకోండి, బలే ఉంటాది" అని గవర్నరు చెప్పాడు. గోనెసంచిలో వేసుకుని ఇంటికి తెచ్చాం. నాయనమ్మ సంచి విప్పి చూసి అక్కడే చతికిలబడింది.

"పావుని సంపినార్రా."

"పాము కాదమ్మా, సేప" అన్నాడు నాన్న.

"నాకు సెప్తావేటిరా? పొలంలో పుట్టినదాన్ని, పావుని ఎరగనా? అసలే దోసంతో సస్తంటే, పెళ్లి కావలసిన గుంట సేత సంపించినావా? కర్మ సెయ్యాల. మనిసికి సేసినట్టే సెయ్యాల."

మా ఊళ్లో నాగుపామును చంపితే మనిషికి చేసినట్టే దహనం చేసి, పాలు పోసి, తలస్నానం చేస్తారు. చేపకు చేసిన ఇల్లు మాది ఒక్కటే అనుకుంటాను. దొడ్లో అమ్మ కొబ్బరి మట్టలు పేర్చింది. నాయనమ్మ పాము చేపకు పసుపు రాసి, గుడ్డ కప్పి, పాలు పోసి, కొడుకు చేత నిప్పు పెట్టించింది. మేం తలలు వంచుకుని నిలబడ్డాం. అయితే చేప చేపే కదా. కాసేపటికి దొడ్డంతా కాల్చిన చేప వాసన ఘుమఘుమలాడిపోయింది. గోడ మీదికి రెండు పిల్లులొచ్చాయి. నా నోట్లో నీళ్లూరాయి. (ఇది డైరీలో కూడా రాయలేదు.) పక్క వాటాలోని గోదావరి జిల్లా పిన్నిగారు గోడ మీంచి తల పెట్టి, "ఏం కాలుస్తున్నారండీ, వాసన మా ఇంటిదాకా వచ్చేస్తోంది" అంది.

"కర్మ సేస్తన్నాం తల్లీ" అంది నాయనమ్మ గంభీరంగా.

"అయ్యో, ఎవరికండీ?"

నాయనమ్మ అమ్మవైపు చూసింది. అమ్మ నావైపు చూసింది, నేను పిల్లులవైపు చూశాను. మంట దగ్గర కూర్చున్న నాన్న తల ఎత్తకుండా, "మా బావకి" అన్నాడు. అన్నాక ఆయన భుజాలు కదలడం మొదలైంది. చిన్నపిల్లాడిలా, గొంతు వదిలేసి, ఆ కాలుతున్న చేప ముందు కూర్చుని ఏడ్చాడు. పిన్నిగారి తల గోడ వెనక్కి మెల్లగా దిగిపోయింది. ఎవరం ఓదార్చలేదు. మట్టలు పూర్తిగా కాలేదాకా ఏడ్చాడు.

మర్నాడు గడ్డం గీసుకుని, గాలం లేకుండా బయల్దేరాడు. మావయ్య ఇంటికి వెళ్లొస్తానన్నాడు. అక్కణ్నుంచి గేటుకు. అమ్మ నాకు కళ్లతో చెప్పింది, నేను పుస్తకం పట్టుకుని వెనకాల పరుగెత్తి స్టాపు దగ్గర కిళ్లీ బడ్డీ చాటున నిలబడ్డాను. స్టాపులో ఆయన తప్ప ఎవరూ లేరు. బస్సు కనబడింది. చెయ్యి ఇంకా జేబులోనే ఉంది. ఇదీ పోతుందనుకున్నాను. ఆ చెయ్యి జేబులోంచి వచ్చింది, పైకి లేచింది. బస్సు ఆగింది. మెట్టు మీద కాలు పెట్టి నాన్న వెనక్కి తిరిగాడు. నేను ఎక్కడున్నానో ముందే తెలిసినట్టు బడ్డీ వైపే చూసి, పిడికిలి బిగించి చూపించాడు. ఉన్నచోటే ఆగు.

ఆగాను. బస్సు వెళ్లిపోయింది, దుమ్ము అణగింది, కిళ్లీ బడ్డీ ఆయన "ఏటి కావాలమ్మా" అని అడిగాడు. అయినా అక్కడే చాలాసేపు నిలబడ్డాను. ఆయన పిడికిలి విప్పలేదు కదా మరి. ఇప్పుడు నేనూ ఉద్యోగానికి రోజూ అదే స్టాపులో బస్సెక్కుతున్నాను, చెయ్యెత్తడానికి ఇప్పటికీ సిగ్గే, ఇప్పటికీ కొన్ని బస్సులు పోతూనే ఉంటాయి. ఒక్కోసారి బడ్డీ చాటున పుస్తకం గుండెకు అదుముకుని ఇంకా కదలకుండా నిలబడి ఉన్న ఆ పిల్ల కనబడినట్టే ఉంటుంది. చుట్టూ ఎవరూ లేకుండా చూసి, అరచెయ్యి బోర్లించి, మెల్లగా కిందికి ఊపుతాను.