మూడో పోస్టు అడిగిన జోల

ఆ సైనిక శిబిరంలో ఆమెని అందరూ కంఠం అనేవారు. చుట్టూ కొండల మీద ఆరు కాపలా పోస్టులు ఉండేవి. వాటిలో ఉన్నవాళ్లలో ఒక్కరూ ఆమె ముఖం ఎరగరు. పొద్దున ఏడింటికి వైర్‌లెస్ సెట్లో ఆమె గొంతు వచ్చేది: "ఒకటో పోస్టు, వినిపిస్తోందా? ఓవర్." ఒక్కొక్కరే "స్పష్టంగా అందింది" అనేవారు. అప్పటికి గానీ ఆ కొండల మీద తెల్లారినట్టు కాదు.

పెళ్లయిన ఐదో ఏట కడుపు పండింది. ప్రసూతి సెలవు తొంభై రోజులు. ఆ తొంభై రోజుల్నీ పాలపళ్లలా లెక్కపెట్టుకుని దాచుకుంది. పిల్లేమో పది వారాలు ముందే వచ్చేసింది.

అరచేతిలో ఇమిడే పిల్ల. ఆస్పత్రి వాళ్లు గాజుపెట్టెలో పెట్టారు. పెట్టె కింద యంత్రం పగలూ రాత్రీ ఒకటే హోరు. దూరాన సముద్రం ఉన్నట్టు, అది ఎప్పటికీ దగ్గరకు రానట్టు. పెట్టె పక్కన గుండ్రటి కన్నం. అందులోంచి చెయ్యి దూర్చి ఒక్క వేలు ఇవ్వనిచ్చేవారు. పిల్ల ఆ వేలు పట్టుకునేది. ఆమె కన్నం దగ్గర నోరు పెట్టి, మాటల్లేని జోల ఒకటి కూనిరాగంగా తీసేది. హోరులో కలిసి ఆ జోల లోపలికి వెళ్లేది. అలా ఎనభై ఒక్క రోజులు.

పిల్ల ఇంటికి వచ్చింది. సెలవు తొమ్మిది రోజులు మిగిలింది.

సెలవుల గుమస్తాని శిబిరమంతా బాబాయ్ అనే పిలిచేది. ఆయన కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి కాగితం చూశాడు.

"పిల్ల ఇంటికొచ్చిన రోజు నుంచి లెక్కకట్టండి బాబాయ్. ఇన్నాళ్లూ నేను పిల్లతో లేను, గాజుతో ఉన్నాను."

"సెలవు పురిటి రోజు నుంచే నడుస్తుంది తల్లీ. నియమంలో గాజుపెట్టె అన్న మాటే లేదు."

"లేకపోతే రాయండి."

"నేను రాస్తే నియమం అవుతుందా? అర్జీ అవుతుంది." అని నిట్టూర్చి, కలం తీశాడు. "సరే, అర్జీయే రాద్దాం. పైవాళ్లకి కూడా చదవడానికి ఏదో ఒకటి ఉండాలిగా."

అర్జీ పైకి వెళ్లింది. పదో రోజు పొద్దున ఆమె బూట్లు తొడుక్కుంది. పిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది.

ఇంట్లో అదే పెద్ద చిక్కు. ఎత్తుకున్నా ఏడుపే, దించినా ఏడుపే. తల్లి పాడితే మరీనూ. కళ్లజోళ్ల దుకాణంలో పనిచేసే భర్త ఒకరోజు వార్తల కోసం రేడియో తిప్పుతుంటే, రెండు స్టేషన్ల మధ్య ముల్లు ఆగి హోరుమంది. పిల్ల టక్కున ఏడుపు ఆపేసింది. గుప్పిళ్లు విప్పి, నిద్రపోయింది.

"బాగుంది సంబడం!" అంది అత్తగారు, నవ్వి. "కన్నతల్లి జోల పనికిరాలేదు గానీ, పలకని రేడియో పనికొచ్చింది."

"ఊరుకో అమ్మా," అన్నాడు భర్త.

సరదాకే అన్న మాట. కానీ చేపముల్లులా ఆమె గొంతులో దిగి అక్కడే ఉండిపోయింది. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో రేడియో ఆ రెండు స్టేషన్ల మధ్యే ఉండేది. పిల్ల దాని పక్కనే పెరిగేది.

ఇక్కడ శిబిరంలో, సిగ్నల్ గదిలోనూ అదే హోరు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే ఎనిమిది గంటలూ చెవుల్లో అదే. మూడో వారం నుంచి ఆ హోరు వెనకాల పిల్ల ఏడుపు వినబడటం మొదలైంది. సన్నగా, గాజు అవతల నుంచి వచ్చినట్టు. హెడ్‌ఫోన్స్ తీస్తే ఉండదు. పెట్టుకుంటే ఉంటుంది. మెకానిక్‌ని పిలిచి చూపించింది. అతను సెట్టు మూత విప్పి, తీగలన్నీ చూసి, మళ్లీ బిగించాడు.

"సెట్టు నిక్షేపంలా ఉందక్కా. నిద్ర లేనిది నీకు."

లోపలి రవికె పాలతో తడిసి, యూనిఫాం మీదికి మరక పాకింది. ఫైలు ఒకటి గుండెకి అడ్డం పెట్టుకుని కూర్చుంది.

ఒక ఉదయం ఆరు పోస్టుల్నీ పిలవడానికి మీట నొక్కింది. నొక్కిన వేలు అలాగే ఉండిపోయింది. ఏడుపు మళ్లీ మొదలైంది, ఈసారి మరీ దగ్గరగా. ఆమె కళ్లు మూతలు పడ్డాయి. మీట చల్లగా, గుండ్రంగా, ఆ గాజుపెట్టె కన్నం అంచులా తగిలింది. ముందుకి వంగి, మైకు దగ్గర నోరు పెట్టి, ఆ మాటల్లేని జోల తీసింది. మొదటి నుంచి చివరిదాకా. ఆరు కొండల మీదా వినబడింది.

తెలివొచ్చి మీట వదిలేసరికి ఒళ్లంతా చెమట. కొలువు ఊడినట్టే అనుకుంది.

సెట్లో హోరు. తర్వాత మూడో పోస్టు నుంచి బొంగురు గొంతు. అతన్ని అందరూ బొంగురన్న అంటారు.

"మూడో పోస్టు. మళ్లీ చెప్పండి. ఓవర్."

వైర్‌లెస్‌లో అదొక నియమం. ఏ పోస్టు అయినా మళ్లీ చెప్పమంటే, కేంద్రం మళ్లీ చెప్పి తీరాలి. ఎందుకని అడగకూడదు. కుదరదనకూడదు. ఆమె మీట నొక్కింది. ఈసారి కళ్లు తెరిచే, మళ్లీ పాడింది.

"స్పష్టంగా అందింది," అన్నాడు బొంగురన్న. కాస్త ఆగి, అనకూడని మాట కూడా అనేశాడు. "మా ఇంట్లోనూ ఒకడు పుట్టాడమ్మా. రెండు నెలలు. ఇంకా చూళ్లేదు."

మిగతా ఐదు పోస్టులూ ఒకదాని వెంట ఒకటి "అందింది" అన్నాయి.

గాలిలోకి వెళ్లిన ప్రతి మాటా లాగ్ పుస్తకంలో ఎక్కాలి. ఆమె రాసింది: 'ఏడు గంటల రెండు నిమిషాలు. అన్ని పోస్టులకు. జోల. మాటలు లేవు. ఏడు గంటల ఆరు నిమిషాలు. మూడో పోస్టు కోరిక మీద, మళ్లీ అదే.'

కెప్టెన్ ఆ పేజీ రెండుసార్లు చదివాడు.

"మొదటిది పొరపాటు అనుకుందాం. రెండోదేమిటి?"

"నియమం సార్. మళ్లీ చెప్పమన్నారు."

కెప్టెన్ మీసాల కింద ఏదో కదిలి, ఆగిపోయింది. "శిక్ష వేయాలంటే నియమానికే వేయాలన్నమాట," అని ఆ పేజీకి నకలు తీయించి, ఆమె అర్జీకి జతచేసి పైకి పంపించాడు.

నాలుగు నెలలకి జవాబొచ్చింది. బాబాయ్ కబురుపెట్టి తనే చదివి వినిపించాడు. గాజుపెట్టెలో గడిచిన రోజుల్ని ఇకమీదట తల్లి సెలవులోంచి తగ్గించరు. తండ్రులకి కూడా బిడ్డ పుట్టిన నెలలోగా సెలవు తప్పకుండా ఇస్తారు. అమలు, వచ్చే నెల ఒకటో తేదీ తర్వాత పుట్టే బిడ్డలకి.

"మరి నాకు?"

బాబాయ్ కళ్లజోడు తీసి తుడిచాడు. అది మురికిగా ఏమీ లేదు.

"నీకు కాదు తల్లీ. నీ వల్ల."

ఆ సాయంత్రం ఇంటికొచ్చి, పిల్లని ఒళ్లో వేసుకుంది. రేడియో హోరుమంటోంది. ఆమె మెల్లగా జోల తీసింది. పిల్ల కళ్లు తెరిచింది. పెదవులు విచ్చుకున్నాయి. మెడ తిప్పి, ఆ గొంతు కోసం వెతికింది. వెతికింది తల్లి ముఖంలో కాదు. రేడియోలో.

"ఇక్కడే ఉన్నానే," అంది ఆమె. పిల్ల రేడియోకేసే చూస్తూ నవ్వింది.

గుమ్మంలో నిలబడ్డ అత్తగారు ఈసారి పమిటచెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మర్నాటి నుంచి ఆమె ఒక పని పెట్టుకుంది. రోజూ డ్యూటీకి వెళ్లేముందు రేడియో చప్పుడు వెంట్రుకవాసి తగ్గించేది. అంతకు మించి తగ్గిస్తే పిల్లకి తెలిసిపోయేది. నలభై ఒక్క రోజులు పట్టింది. నలభై రెండో రోజు రేడియో పూర్తిగా ఆపి, నిశ్శబ్దంలో పాడింది. పిల్ల రేడియో పెట్టెకేసి చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత తల తిప్పి, కొత్త మనిషిని చూసినట్టు నొసలు ముడిచి తల్లిని చూసింది. చెయ్యి చాపి, వేలు పట్టుకుంది.

ఆ పిల్ల ఇప్పుడు పెద్దదైంది. చీమ చిటుక్కుమన్నా లేచి కూర్చుంటుంది. "చిన్న చప్పుడున్నా నిద్ర పట్టదమ్మా నాకు" అంటుంది.

కంఠానికి మాత్రం నిశ్శబ్దంలో నిద్ర రాదు. ఉద్యోగం దిగిపోయినా, తలుపు మూసిన తన గదిలో ఆ పాత రేడియో రెండు స్టేషన్ల మధ్య మెల్లగా హోరుమంటూనే ఉంటుంది. పక్కగదిలో కూతురు హాయిగా ఉన్నట్టు ఆమెకి తెలుసు. తెలిసినా, ఆ హోరు వెనకాల ఒక పసిది ఇంకా ఏడుస్తుంది. గాజుపెట్టెలోనే ఉండిపోయిన ఎనభై ఒక్క రోజుల పిల్ల. అది ఇంటికి రాలేదు. ఆమె దుప్పట్లోంచి చెయ్యి బయటికి చాపి, చీకట్లోకి ఒక వేలు ఇచ్చి, మళ్లీ అదే జోల తీస్తుంది.