ప్రహరీ లోపలి మూల షెడ్డు

"నీళ్ళు వస్తన్నాయా?" అని అడిగాడు మా ఆయన, ఆస్పత్రి మంచం మీద పడుకుని.

"తెస్తన్నా, ఉండు," అన్నాను.

మా ఇద్దరి మధ్య ఆఖరి మాటలు అవే. గ్లాసు తెచ్చి నోటి దగ్గర పెడితే తాగలేదు, తల అడ్డంగా ఊపాడు. దాహమేమో అనుకున్నాను నేను. ఆయన అడిగింది షెడ్డులో రాళ్ళు కోసే మిషన్‌కి నీళ్ళు వస్తున్నాయా అని. అది నాకు అర్థమయింది ఆయన పోయాక ఇంట్లో ఆదరణ ప్రార్థన అయిపోయి, మళ్ళీ షెడ్డు తలుపు తీసిన రోజున.

ఆ షెడ్డు మాదే, జాగా మాది కాదు. మార్కాపురంలో పెద్ద పలకరాళ్ళ ఫ్యాక్టరీ ఒకటుంది. నేలకూ గోడలకూ అతికించే రాళ్ళు కోస్తారక్కడ. మా ఆయన అందులో చాలా ఏళ్ళు కోత పని చేశాడు. తర్వాత వాళ్ళు పక్కన పడేసిన పాత మిషన్ కొనుక్కుని, ఓనర్ని అడిగి, వాళ్ళ ప్రహరీ లోపలే ఓ మూల రేకుల షెడ్డు వేసుకున్నాడు. పెద్ద కోతలో మిగిలిన ముక్కల్ని చిన్న బిళ్ళలుగా కోసేవాడు. నేనూ, ఇంకో ఇద్దరు ఆడవాళ్ళూ వాటి అంచులు రుద్ది కట్టలు కట్టేవాళ్ళం. మా ముగ్గురి కూడూ అక్కడిదే.

షెడ్డు తలుపు తీసిన ఆ రోజు నేను మిషన్ వేయబోతే ఆ ఇద్దరిలో ఒకామె కేకేసింది.

"అక్కా, ఆగాగు! నీళ్ళు ఇడవకుండా కోస్తే బ్లేడు మాడిపోద్ది. దుమ్ము మన నోట్లోకే."

నీళ్ళు ఎక్కడ విడవాలో నాకు తెలియదు. అన్నేళ్ళూ అంచులు రుద్దాను గానీ, ఆ నీళ్ళెక్కడివో ఒక్కసారీ చూడలేదు.

మా మరిది అప్పటికే తొందర పెడుతున్నాడు. "సొంత జాగా పెట్టుకుని పరాయి గోడ లోపల ఎందుకు వదినా? పెద్దారవీడు దారిలో మన నేల చెక్క ఉందిగా. ట్రాక్టర్ తెస్తా, మిషన్ ఎత్తుకుపోదాం. అన్న ఉన్నన్నాళ్ళు సరే. రేపు వాళ్ళు పొమ్మంటే ఏం జేస్తావ్?"

అతను అన్నదాంట్లో తప్పేం లేదు. నాకూ గుండెలో అదే బెదురు. అయినా పోయేముందు, మాకు ఏది ఎక్కడి నుంచి వస్తోందో నా కళ్ళతో చూసుకోవాలనిపించింది.

మిషన్‌కి నీళ్ళు తెచ్చే నల్ల పైపును పట్టుకుని నడిచాను. గోడ వెంబడి పోయి, దారి కింద దూరి, ఫ్యాక్టరీ బోరు నీళ్ళు పడే పెద్ద తొట్టి దగ్గర తేలింది. కరెంటు వైరూ అంతే, వాళ్ళ మీటర్ గదిలోంచే వస్తోంది. మా కట్టలు ఎట్లా పోతాయో చూశాను. వాళ్ళ సరుకుకి వచ్చిన లారీలో మిగిలిన సందులో సర్దుకుని పోతాయి. ఆ నాలుగు కట్టల కోసం ఏ లారీ మా చెక్క దాకా వస్తుంది?

కోత మేమే మొదలెట్టాక ఒకరోజు ఫ్యాక్టరీ ఫిట్టర్ వచ్చి, అడక్కుండానే మా మిషన్ ముందు కూర్చున్నాడు.

"ఏందన్నా, నిన్ను మేం పిలవలేదే?"

"మీ బ్లేడు అరుస్తా ఉంటే ఆడికి ఇనపడతా ఉంది. ఇంకా పిలవాల్నా?"

"పెద్దారవీడు దారిలో అరిస్తే ఇనపడుద్దా?"

"ఫోన్ జెయ్యి, వస్తా. ఎప్పుడొస్తావని మాత్రం అడగొద్దు."

ఇవన్నీ చూశాక నాకు నిద్ర పట్టనివ్వని ప్రశ్న ఒకటి మిగిలింది. మాకు ఇన్ని వస్తుంటే వాళ్ళకేం వస్తోంది? మా ఆయన మీద జాలితో ఇచ్చారా? జాలి అయితే ఆయనతోనే పోతుంది, నేను ఇప్పుడే మూట కట్టుకోవడం మంచిది.

మరిది ట్రాక్టర్ తెచ్చి గేటు దగ్గర పెట్టిన పొద్దున నేను నేరుగా ఓనర్ గదిలోకి వెళ్ళాను.

"అన్నా, మేమిక్కడ ఉంటే నీకేం వస్తాది?"

ఓనర్ అద్దాలు తీసి నావైపు చూశాడు. "ఇదేం ప్రశ్న అక్కా పొద్దున్నే?"

"చెప్పు. బయట ట్రాక్టర్ నిలబడి ఉంది."

"మీరు వాడే ముక్కలు ఎత్తించి పారబోయాలంటే నాకు అదో పని. ఇంకోటి చెప్తా విను. పెద్ద ఆర్డర్ నడిచేటప్పుడు ఎవడో వచ్చి చిన్న బిళ్ళలు కావాలంటాడు. లేవంటే ఇంకో ఫ్యాక్టరీకి పోతాడు, పోయి పెద్ద రాళ్ళు కూడా ఆడనే కొంటాడు. మీరుంటే 'ఉన్నాయి, ఆ మూలకి పో' అంటా. వాడు నా గేటు దాటడు."

"అంటే మేం నీ కోళ్ళమా? రాలిన గింజలు ఏరుకునేదానికి?"

"కోళ్ళయితే గుడ్లన్నా పెట్టాల గదక్కా!" అని పకపకా నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది, మా ఆయన పోయాక మొదటిసారి.

"మరి రేపు పొమ్మంటే?"

నవ్వు ఆపాడు. "నేనుండంగా అనను. నా కొడుకు ఏమంటాడో నేనెట్ల జెప్పను?"

అబద్ధం చెప్పలేదు. ఎప్పటికీ పొమ్మనరని మాటా ఇవ్వలేదు. కానీ నా ప్రశ్నకి జవాబు దొరికింది. మాతో వాళ్ళకి అక్కర ఉంది. అక్కర ఉన్నంత కాలం నీళ్ళు వస్తాయి.

గేటు దగ్గరికి వెళ్ళి మరిదితో చెప్పాను. "ట్రాక్టర్ తిప్పుకో. మన చెక్క ఎక్కడికీ పోదు, బోరు పడుతుందో లేదో అదీ చూద్దాం. మిషన్ మాత్రం కదలదు."

"నీ ఇష్టం వదినా. నేనెవర్ని చెప్పడానికి?" అని ముఖం ముడుచుకుని వెళ్ళిపోయాడు.

మరిదిని ఆదివారం చర్చి అయ్యాక అన్నానికి రమ్మన్నాను. అతని ఎదురుగా నాకు మాటలు తడబడతాయి, సగం చెప్పి సగం మింగేస్తాను. అందుకే ఆ రోజు అతనికి చదివి వినిపించేదానికి, మా చెల్లెలి కూతుర్ని కూర్చోబెట్టి ఇదంతా రాయిస్తున్నాను. ఓనర్ మాట ఇవ్వలేదన్నది కూడా రాశావా అమ్మాయ్? రాయి, అది దాస్తే మీ చిన్నాన్న పట్టేస్తాడు. ఇంక ఆపి, మొదటి నుంచి చదువు, ఇంటాను.