రత్నమత్త గది

రెండుసార్లు ఉతికి, రెండు రోజులు ఎండలో ఆరేసిన దుప్పటిని ఈ పొద్దున మడత విప్పితే మళ్ళీ తుమ్ములే. కారు వెనక సీటు మీద పరిచే మామూలు పూల దుప్పటి అది. దానికి మిరపకాయల ఘాటు పట్టింది కారులో కాదు, మొన్న ఆదివారం ప్రారంభమైన మా ఊరి కొత్త నాటకశాలలో. ఆ వాసన తగిలితే ఇదివరకు నాకు కళ్ళాలు, మా నాయనమ్మ గుర్తొచ్చి మనసు చల్లబడేది. ఈసారి ఒళ్ళు మండింది.

పర్చూరు దాటాక, నల్లరేగడి చేల మధ్యన ఉంటుంది మా ఊరు. నా చిన్నతనంలో మాఘమాసం వెళ్ళేసరికి ఊరి చుట్టూ కళ్ళాల్లో నేల కనపడకుండా మిరపకాయలు ఎండుతూ ఉండేవి. ఆడవాళ్ళు ముక్కులకు కొంగులు చుట్టుకుని వరసగా కూర్చుని, రంగు పోయి తెల్లబారిన తాలుకాయలు ఏరి పక్కకు విసురుతూ, తుమ్ముకు తుమ్ముకు మధ్య ఊళ్ళో కబుర్లన్నీ చెప్పుకునేవారు. పిల్లలమేమో ఇంటి వసారాలో పోసిన పత్తి గుట్టల మీదికి ఎగిరి దూకి, తల నిండా దూదితో బయటికొచ్చి తన్నులు తిని, గోంగూర పచ్చడీ పెరుగన్నమూ మూటగట్టుకుని నాయనమ్మ వెనకాల కళ్ళానికి పోయేవాళ్ళం. కాయను గోతాలకెత్తి కుట్టేముందు, ఆ గోతాలను మా వైపు టిక్కీలంటారు, ప్రతి రైతూ ఒక తట్టెడు మేలైన కాయ పక్కన పెట్టేవాడు. దాన్ని నాటకాల తట్ట అనేవాళ్ళు. అందులో పొరపాటున తాలుకాయ కనిపిస్తే మా నాయనమ్మ ఎవర్నీ వదిలేది కాదు.

“ఏరా, నాటకానికి తాలుకాయ పెడతావా? రాణి గొంతు పాడైపోద్ది!” అని కళ్ళం అదిరేలా అరిచేది.

తట్టలన్నీ ఒకచోట పోసి, మర్నాడే బండి కట్టి గుంటూరు తోలేవారు. ఏ ధర పలికితే ఆ ధర. ఒక్క రోజు కూడా ఆపేవారు కాదు. ఆ కాయతోనే ముందు తాటాకుల పాక, తర్వాత రేకుల షెడ్డు లేచాయి. దానికి యజమాని లేడు, నాటకానికి టిక్కెట్టు లేదు, చాపెవరిదైతే చోటు వాళ్ళది.

శ్రీరామనవమి నాటకంలో రాణి మా రత్నమత్త. మాకేమీ చుట్టం కాదు. మా సందు చివర అద్దె గదిలో ఉండే నటి, ఊరి నాటక సమాజంలో ఉన్న ఒకే ఒక్క ఆడమనిషి. మగవేషాలవాళ్ళు షెడ్డు వెనక అద్దాలు వేలాడదీసుకుని, చుట్టలు కాల్చుకుంటూ, మీసాలు అంటించుకుంటూ దర్జాగా తయారయ్యేవారు. రత్నమత్తకు మాత్రం ఒక పక్క గోడ, ఒక పక్క పత్తి బోరాలు, మూడో పక్క దుప్పటి. ఆ దుప్పటికి ఒక కొస రాటకు కట్టి, రెండో కొస తొమ్మిదేళ్ళ నా చేతికిచ్చేవారు. నాటకానికి అయిదు చీరలు మార్చాలి. అయిదుసార్లూ మునివేళ్ళ మీద నిలబడి, చేతులు లాగుతున్నా దించకుండా పట్టుకునేదాన్ని. “ఎత్తమ్మాయ్, ఇంకాస్త పైకి,” అని లోపల్నించి వినపడేది. ఆమె పౌడరు వాసన, నలిగిన జరీ వాసన నాకిప్పటికీ గుర్తే.

ఒకసారి నవమి పానకం, మిరియాల ఘాటుది, చల్లటిది, గ్లాసు నిండా తెచ్చిస్తే ఆమె ముట్టుకోలేదు. “ఇంటికెళ్ళినాక తాగుతాలేమ్మాయ్,” అంది. ఎంత పొగరో అనుకున్నాను. పొగరు కాదని తెలియడానికి నాకు ఇరవై ఏళ్ళు పట్టింది. మరుగుదొడ్డి లేని బడిలో టీచరుగా చేరి, పొద్దుటినుంచి సాయంత్రం దాకా మంచినీళ్ళు తాగకుండా పాఠాలు చెప్పాక అర్థమైంది. నాటకం రోజున రత్నమత్త మధ్యాహ్నం నుంచే నీళ్ళు మానేసేది.

అందుకే రెండేళ్ళ కిందట మా బాబాయి కొడుకు శేషగిరి, ఇప్పుడు సమాజం అధ్యక్షుడు, షెడ్డు తుప్పు పట్టిందనీ పెద్దగా కడదామనీ ఫోన్ చేస్తే నేను ఒకటే అడిగాను. స్టేజీ వెనక ఆడవాళ్ళకొక గది, లోపల కుళాయి, మరుగుదొడ్డి, తలుపుకు లోపలివైపు గడియ.

“అదెంత పనక్కా!” అన్నాడు.

ఇక కాళ్ళరిగేలా తిరిగాం. నాటకాల తట్టను మళ్ళీ లేపాం, కాకపోతే భవనం కదా, తట్టకు బదులు ఇంటికో టిక్కీ అడిగాం. ఎనభై దాటిన రత్నమత్తను ఆటోలో కూర్చోబెట్టి, మైకు చేతికిచ్చి వీధివీధీ తిప్పాం. ఆమె ఒక పద్యం ఎత్తుకుని, ఆగి, “ఆడపిల్లల గది కోసమమ్మా,” అనేది. జనం ఇచ్చారు. కాదన్న ఇల్లు లేదు. టైలరు కరీముల్లా ముందు తెర ఊరికే కుట్టిపెట్టాడు, తాపీవాళ్ళు తలా ఒక రోజు కూలి వదులుకున్నారు. మొదటి ఏడాది కాయతో హాలు లేచింది, భోజనాల హాలు లేచింది, ముఖద్వారమూ దాతల పేర్ల శిలాఫలకాలూ లేచాయి. గదీ లేచింది. నీలం టైల్సు, కుళాయి, గడియ, అన్నీ నేను అడిగినట్టే. తాళం చేతులు చూసి రత్నమత్త ఎంత మురిసిందో!

కుర్చీల కోసం ఈ ఏడాది పోగుచేసిన టిక్కీల సంగతి నేను పట్టించుకోలేదు. నాదే బుద్ధి తక్కువ.

ప్రారంభం రోజు సాయంత్రం రత్నమత్త తన రేకు పెట్టె, అందులో రాణి చీర, కిరీటం తెచ్చుకుంది. ఒక్క పద్యం పాడాలి. నేను హుషారుగా వెళ్ళి గది తలుపు తీశాను. నేల నుంచి కప్పు దాకా టిక్కీలు. మరుగుదొడ్డి తలుపు ఎక్కడుందో కూడా కనపడలేదు. కళ్ళు మండి నీళ్ళు కారాయి, అది ఘాటుకో దుఃఖానికో నాకే తెలియలేదు. శేషగిరిని పిలిచాను.

“తప్పుగా అనుకోబాకక్కా. రేటు పడిపోయింది. కోల్డ్ స్టోరేజీకి అద్దె దండగ, మన బిల్డింగులో చల్లటి గది ఇదొక్కటే. నెల ఓపిక పడితే పెరిగిద్ది.”

“ఒరేయ్, ఈ గది పేరు చెప్పి ఆమెను సందుసందూ తిప్పాం కదరా!”

“గది ఎక్కడికి పోద్దక్కా? ఈ ఒక్క పూటా సర్దుకోమను.”

కాయ చేతిలో ఉన్నంతకాలం రేపు రేటు పెరుగుతుందని చూడటం మా వాళ్ళ రక్తంలోనే ఉంది. కానీ నాటకాల తట్ట విషయంలో, ఏమీ లేని ఆ రోజుల్లో కూడా, మా పెద్దవాళ్ళు ఆ ఆశ పెట్టుకోలేదు.

రత్నమత్త మాత్రం కోప్పడలేదు. “దుప్పటేమన్నా ఉందా అమ్మాయ్?” అని అడిగింది. ఆమె తిట్టినా నాకింత బాధ ఉండేది కాదు.

కారులోంచి దుప్పటి తెచ్చాను. ఒక కొస ఆ కొత్త గడియకే ముడేసి, రెండో కొస పట్టుకుని టిక్కీల పక్కన నిలబడ్డాను. యాభై ఎనిమిదేళ్ళ నా భుజం పీకుతోంది. “ఎత్తమ్మాయ్, ఇంకాస్త పైకి. నువ్వెదిగావు గానీ దుప్పటి ఎదగలేదు,” అని లోపల్నించి చిన్నగా నవ్వింది. స్టేజీ మీద పద్యం బ్రహ్మాండంగా ఎత్తుకుంది. రెండో పాదంలో దగ్గు వచ్చింది. ఆగి, మింగి, మళ్ళీ ఎత్తుకుని, మళ్ళీ దగ్గింది. అభిమానంతోనో జాలితోనో జనం చప్పట్లు కొట్టి సగంలోనే ముగించేశారు.

నీళ్ళ సీసా మూత తీసి అందించాను. చేత్తో పక్కకు తోసింది.

“వద్దమ్మాయ్. ఇంటికెళ్ళినాక తాగుతా.”

ఇప్పుడు ఊళ్ళో వసారాల్లో పత్తి గుట్టల్లేవు. తట్టలు లేవు, తాలుకాయను చూసి అరిచే నాయనమ్మా లేదు. వర్షం పడితే మద్దెల మోగినట్టు మోగే రేకులు పాత ఇనుములోకి పోయాయి. అన్నిటికీ బెంగపడ్డాను. ఆ దుప్పటి చాటు కూడా వాటితో పాటే పోతుందనుకున్నాను.

నిన్న శేషగిరికి ఫోన్ చేస్తే రేటు ఇంకా పెరగలేదన్నాడు. ఉగాదికి నాటకం మాత్రం ఉందట. దుప్పటిని మూడోసారి ఉతకలేదు. మడతపెట్టి తీసుకెళ్ళి కారులోనే పెట్టాను.