దేశం మాట, అలసంద తీగ

ఆ రోజుల్లో (మరీ పాత రోజులేం కావు, చేతుల్లోకి స్మార్ట్‌ఫోన్లు వచ్చాకే) భూగోళాన్ని కాపాడే పని నాదేనని నమ్మేవాణ్ణి. పదో తరగతితో చదువు ఆగినా, మా గ్రంథాలయంలో వాతావరణం మీద ఉన్న మూడు పుస్తకాలూ చదివేశాను. ఒకదానికి చివరి పేజీలు లేవు. అందుకని పరిష్కారాలు నేనే చెప్పేవాణ్ణి.

చెట్లు పెంచి గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్పిస్తామని మన దేశం ప్రపంచానికి మాటిచ్చింది. ఆ మాట ఢిల్లీలో లక్ష్యంగా మారి, రాష్ట్రానికీ జిల్లాకూ మండలానికీ దిగుతూ దిగుతూ, చివరికి రాప్తాడు దగ్గర రోడ్డు పక్కన వెయ్యి గుంతలై నా నెత్తిన పడింది. నేను తాత్కాలిక ఫీల్డ్ అసిస్టెంటును. మొక్కల్లో ముప్పాతిక వంతు బతికితేనే నాకు మరో ఏడాది ఉద్యోగం. కూలీల గుంపుకు పెద్దగా ఉండే ఆమెను అందరం మేటక్క అనేవాళ్ళం. గుంతలు తవ్వుతున్నంతసేపూ నేను ఉపన్యాసం ఇస్తుంటే, ఆమె పార ఆనించి అడిగింది: “ఢిల్లీవాళ్ళు మాటిచ్చినారు, సరేనప్పా. వాన మాటిచ్చిందా?”

వాన సంగతి పుస్తకంలో లేదు. కానుగ మొక్కలు నాటించి, ఒక్కోదానికీ ఫోటో తీసి ఆన్‌లైన్‌లో ఎక్కించాను. ఎక్కించిన నాటికి అన్నీ బతికే ఉన్నాయి. తర్వాత ఎండిపోయాయి. ట్యాంకరు మాత్రం వారం వారం వచ్చి ఎండుపుల్లలకు శ్రద్ధగా నీళ్ళు పోసేది. తడిసిన పాదు ఊరికే పడి ఉంటే మా వైపు ఆడవాళ్ళు చూస్తూ ఊరుకోలేరు. గుంతకు నాలుగు అలసంద గింజలు వేసి, మేకలు రాకుండా చుట్టూ కంప పెట్టారు.

“ఇవి గవర్నమెంటు గుంతలక్కా,” అన్నాను, తీగలు పాకాక చూసి.

“గుంత గవర్నమెంటుదేలే. తేమ దేవునిది. పచ్చగా ఉండాలని నువ్వే కదా చెప్తాంటివి?”

ఇంతలో తనిఖీ సారు వస్తున్నాడని కబురు. తీగలు పీకేయమన్నాను. “పీకితే పుల్లలు కనపడ్తాయి,” అంది మేటక్క. నిజమే. వదిలేశాం.

సారు జీపులోంచే చూశాడు. రోడ్డు పొడుగునా పచ్చదనం. “బాగా పెంచినావయ్యా,” అన్నాడు. జీపు కదలబోయింది. అప్పుడైనా నోరు మూసుకున్నానా? “సార్, ఆకు గాలిని ఎట్లా పీలుస్తుందో దగ్గరికొచ్చి చూడండి,” అని నేనే ఆయన్ని దింపాను. ఆయన వంగి ఒక కాయ పట్టుకున్నాడు.

“ఇదేం చెట్టయ్యా?”

మూడు పుస్తకాల్లో ఒక్క ముక్కా గుర్తు రాలేదు. మేటక్కే చెప్పింది: “అలసంద సార్. లేతగా ఉండాది, తినండి.”

ఆయన తిన్నాడు. తింటూనే ప్రతి గుంతా వెతికించాడు. తీగ నీడలో, కంప చాటున ఒకే ఒక్క కానుగ బతికి ఉంది. ఫారంలో అలసందలకు గడి లేదు కాబట్టి ‘ఒకటి’ అని రాసి, సంచెడు కాయలు జీపులో పెట్టించుకుని వెళ్ళాడు. నా ఉద్యోగం ఆ నెలాఖరుతో సరి.

ఇప్పుడు ఆ కానుగ కిందే ఆటోలు ఆగుతాయి. మొన్న అక్కడ మేటక్క కనిపించింది. “దేశం ఇచ్చిన మాటలో ఇది మన వంతు అక్కా,” అన్నాను గర్వంగా.

“నీకింకా నోరు తగ్గలేదే. పక్కకు జరగప్పా, నీడ రవ్వంతే ఉండాది.”

జరిగాను. ఎండలో నిలబడ్డాక కూడా, ఆకు గాలిని ఎట్లా పీలుస్తుందో ఆమెకు చెప్పాలనే అనిపించింది.