మామ్మగారు నేర్పిన ఓడల పజిల్

పై వాటా మామ్మగారు మొన్న బుధవారం పోయారు. పొద్దున్నే కాఫీ పట్టుకెళ్ళిన కోడలు లేపితే లేవలేదట. రాజమండ్రిలో మా వీధివాళ్ళకి ఆవిడని తలుచుకోవడానికి ఒక్కొక్కరికీ ఒక్కో కారణం ఉంది. ఒకరికి ఆవిడ పెట్టిన మాగాయ, ఇంకొకరికి ఆవిడ పెట్టిన చీవాట్లు. నాకు మాత్రం ఓడల పజిల్. దాని పుణ్యమా అని నేను మళ్ళీ మనుషుల్లో పడ్డాను.

నేను ఒక మందుల షాపులో ఫార్మసిస్టుని. పోయినేడు జ్వరం మెదడుకెక్కి, ఆస్పత్రిలో పడి లేచాను. ఇంటికొచ్చాక ఏదీ తలకెక్కేది కాదు. పొయ్యి మీద పాలు పెట్టి మర్చిపోయేదాన్ని. చేతిలో ఉన్న గరిటె పేరు గుర్తొచ్చేది కాదు. నెమ్మదిగా అదే సర్దుకుంటుందని డాక్టరుగారన్నారు, ఎప్పుడు రాగలిగితే అప్పుడే రమ్మని షాపు ఓనరుగారన్నారు. నాకే ధైర్యం లేదు. దగ్గర దగ్గర పేర్లున్న మందులు ఎన్నో ఉంటాయి, ఒకటనుకుని ఇంకొకటి ఇచ్చేస్తే ఎవరి ప్రాణం మీదికి తెస్తానో. పెనుగొండ నుంచి వచ్చిన మా అమ్మ నన్ను వంటింట్లోకి రానిచ్చేది కాదు. మా వారు వీధి గుమ్మం దాటనిచ్చేవారు కాదు. ఇక షాపు సంగతి మర్చిపొమ్మని ఇద్దరిదీ ఒకటే మాట.

అలాంటప్పుడు ఒక సాయంత్రం మామ్మగారు నన్ను పైకి పిలిచారు. రైల్వే స్టేషన్లో కొన్న పజిళ్ళ పుస్తకం ఒకటి ఆవిడ దగ్గరుండేది. అందులో గళ్ళు మరీ చిన్నవని, సుద్దముక్కతో గచ్చు మీద పెద్దగా గీసుకునేవారు. ఆ గళ్ళలో ఓడలు దాక్కుని ఉంటాయి. కొన్ని ఒక్క గడిలో ఇమిడేవి, కొన్ని వరసగా రెండు మూడు నాలుగు గళ్ళు పట్టేవి. అడ్డంగానైనా నిలువుగానైనా ఏ వరసలో ఎన్ని గళ్ళ మేర ఓడలున్నాయో అంచున అంకె ఉంటుంది. ఆ అంకెల్ని బట్టే వాటిని పట్టుకోవాలి. ఏ రెండు ఓడలూ ఒకదానికొకటి తగలకూడదు, మూలల్లో కూడా. మామ్మగారి లెక్కలో ఓడకి చింతపిక్క, నీళ్ళకి బియ్యపు గింజ. ఆట అయ్యాక గింజలు పిచ్చుకలకి.

మొదటి రోజు నేను తోచినచోట పిక్క పెట్టేశాను. అక్కడే ఎందుకు పెట్టావన్నారు. ఉంటుందనిపించిందండి అన్నాను. పిక్క తీసి నా చేతిలో పెట్టేశారు.

“అనిపిస్తే చాలదమ్మా. ముందు ఎక్కడ లేదో తేల్చు. ఉన్నది అదే బయటపడుతుంది.”

అలా సున్నా ఉన్న వరసల్లో గింజలు పేర్చడంతో నా చదువు మళ్ళీ మొదలైంది. మామ్మగారు ఓర్పుగా నేర్పారని రాస్తే అబద్ధం. నేను ఆలస్యం చేస్తే విసుక్కునేవారు, తొందరపడితే కసురుకునేవారు. జవాబుల పేజీలు నేను చూసేస్తానని పిన్నీసు పెట్టి ఉంచారు. అయినా జబ్బు మనిషినని నా మీద జాలి పడనిది ఆవిడొక్కరే. ఆ కసుర్ల కోసమే సాయంత్రం ఎప్పుడవుతుందా అని చూసేదాన్ని.

ఒకసారి రెండు ఓడలు పక్కపక్కనే పెట్టాను. కాదన్నారు. నాకూ మొండితనం తక్కువేం కాదు. కోటిపల్లి రేవులో పడవలు ఒకదాన్నొకటి ఆనించే కడతారు కదండీ అని వాదించాను.

“అవి కట్టేసిన పడవలమ్మాయ్,” అన్నారు. “ఇవి ప్రయాణంలో ఉన్నవి. చుట్టూ నీళ్ళు లేకపోతే ఎలా కదులుతాయి?”

అప్పుడే మా అమ్మ శాలువా పట్టుకుని పైకొచ్చింది, గాలి తగులుతోందని. అరగంట కిందటే పాలు తెచ్చిచ్చి వెళ్ళింది. మామ్మగారు అమ్మని ఎగాదిగా చూసి, “మీరూ అల్లుడుగారూ కాస్త ఎడంగా జరగండమ్మా, పిల్ల కదలాలి,” అన్నారు. అమ్మకి చాలా కోపం వచ్చింది. కానీ మర్నాడు పొద్దున నేను వంటింట్లోకి వెళ్ళి పాలు పొయ్యి మీద పెడితే, అమ్మ గుమ్మంలో నిలబడింది తప్ప లోపలికి రాలేదు. ఆ పాలు పొంగలేదు.

వర్షాలు మొదలయ్యేసరికి పెద్ద పజిళ్ళకొచ్చాం. ఒకరోజు మామ్మగారు పెట్టిన పిక్క ఒకటి ఇంకో ఓడకి మూలలో తగులుతోంది. చెప్పాలా వద్దా అని తటపటాయించి, చెప్పాను. ఆవిడ వంగి ఆ గడి చుట్టూ వేలితో లెక్కపెట్టి చూసుకున్నారు. మొహం చిన్నబోయింది. నాకు ధైర్యం రావాలని కావాలనే తప్పు పెట్టి ఉంటారని మా వారు ఇప్పటికీ అంటారు. ఓడిపోయినప్పుడు ఆవిడ మొహం ఎలా ఉంటుందో ఆయన చూడలేదు. కాసేపటికి పిక్క తీసేసి, రేపట్నుంచి షాపుకెళ్ళమన్నారు. నాకు భయమండీ అన్నాను.

“నా తప్పే పట్టుకున్నదానివి, నీ తప్పు పట్టుకోలేవా?”

మర్నాడు వెళ్ళాను. పేరు ఒకటికి రెండుసార్లు చదివి, అది కానివన్నీ పక్కకి పెట్టి, మిగిలినదాన్నే చేతిలోకి తీసుకుంటున్నాను. అయినా మందు ఇచ్చేశాక కూడా, వెళ్ళేవాళ్ళని ఆపి పేరు ఇంకోసారి చూస్తున్నాను. కాసేపటికి ఆటో దిగి మామ్మగారు వచ్చారు. నన్ను ఎరగనట్టే అందరితోపాటు నిలబడి, తన వంతు వచ్చాక బీపీ మాత్రల చీటీ ఇచ్చారు. నేను తీసిచ్చాను. ఈ పూటది ఇంకా వేసుకోలేదంటూ అక్కడే మాత్ర నొక్కి తీసి నోట్లో వేసుకున్నారు, సంచిలోంచి సీసా తీసి నీళ్ళు తాగారు. రుజువు లేనిదే గచ్చు మీద బియ్యపు గింజ కూడా పెట్టని మనిషి, ఆ మాత్ర ఏమిటో చూడలేదు. కళ్ళజోడు సంచిలోనే ఉంది. మింగుతున్నంతసేపూ నన్నే చూస్తున్నారు.